సుబ్బమ్మ కాపురం

వేరేవాళ్ళ ఓవెన్ తోమడంలో ఒక సుఖం ఉంది. అందులో ఏం మాడిందో, ఎవరు మాడ్చారో మనం జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఆ ఒక్క సుఖం తప్పిస్తే, అక్టోబరు చివరి శనివారం పొద్దున్నే టెక్సస్‌లోని ప్లేనోలో ఎవరిదో ఖాళీ అపార్ట్‌మెంట్‌లో, చేతులకి పసుప్పచ్చ రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని మోకాళ్ళ మీద కూర్చోవడానికి రాగిణికి వేరే కారణమేమీ లేదు. కారణమంతా ఆమె భర్త రవికుమార్ మాటసాయంలో ఉంది. అతని టీమ్‌లో పనిచేసే జితేందర్‌కి ఉద్యోగం పోయింది. వీసా ఇచ్చే అరవై రోజుల గడువులో ఇంకోటి దొరకలేదు. శుక్రవారం సాయంత్రం ఫ్లైట్ ఎక్కాలి, ఇల్లు శుభ్రం చేసి తాళాలు అప్పగించే టైం లేదన్నా అని ఆ కుర్రాడు బాధపడుతుంటే రవికుమార్ భుజం తట్టి, "నువ్వు నిశ్చింతగా వెళ్ళవయ్యా. రాగిణి చూసుకుంటుంది. వీకెండ్ తను ఖాళీయేగా" అన్నాడు.

రాగిణి వీకెండ్ ఎంత ఖాళీయో చెప్పుకోవాలంటే వారానికి సరిపడా ఇడ్లీ పిండి దగ్గర మొదలుపెట్టాలి. కూతురు కృతిని కూచిపూడి క్లాసుకి దింపడం, ఏటా ఆరు నెలలు వచ్చి ఉండే అత్తగారిని గుడికి తీసుకెళ్ళడం, ఎవరింట్లోనో పాట్‌లక్ విందుకి పెద్ద ట్రే నిండా పులిహోర కలపడం, ఇవన్నీ ఖాళీలో భాగాలే. అయినా ఆమె వెళ్ళింది. జితేందర్ మంచివాడు. వాళ్ళింటికి భోజనానికి వచ్చిన మగవాళ్ళందరిలో తిన్న ప్లేటు కడిగి బోర్లించి వెళ్ళినవాడు అతనొక్కడే.

ఓవెన్ అయింది, బాత్రూమ్ అయింది. బెడ్‌రూమ్ క్లోజెట్‌లో వాక్యూమ్ పెడదామని తలుపు తీస్తే మూలన తువ్వాలు కప్పిన గాజుపెట్టె కనిపించింది. తువ్వాలు తీసింది. అడుగున పరిచిన వార్తాపత్రిక మీద, కుండ కింద పెట్టుకునే చుట్టకుదురంత, గోధుమరంగూ నలుపూ కలిసిన ఒక పాము చుట్ట చుట్టుకుని ఉంది. రాగిణి కేక వెయ్యలేదు. వేసినా వినేవాళ్ళెవరూ లేరు. తలుపు మూసి, వంటింట్లోకి వెళ్ళి, గ్లవ్స్ తీసి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ తీసి, జితేందర్‌కి ఫోన్ చేసింది. అతను అప్పటికి దోహాలో ఫ్లైట్ మారడానికి ఎదురుచూస్తున్నాడు.

"చూసినవా వదినా" అన్నాడు ఆమె నోరు తెరవకముందే. "చెప్దామనే అనుకున్న. అన్నకు చెప్తే తాళాలు కూడా తీస్కోడని ఊకున్న. వాట్సాప్ గ్రూప్‌ల ఎన్నిసార్లు పెట్టిన్నో. సోఫా తీస్కపోయిన్రు, రైస్ కుక్కర్ తీస్కపోయిన్రు, కరివేపాకు కుండీకోసం ఇద్దరు కొట్లాడిన్రు. దాన్ని మాత్రం ఎవ్వరూ అడగలే."

"తిండి ఎప్పుడు పెట్టావు?"

"రెండు నెలలైతున్నట్టుంది వదినా. ఇంటర్వ్యూలల్ల పడి నేనే సరిగ తినలే." "బాల్ పైథాన్ అది. విషం ఉండది. మస్తు భయస్తురాలు. భయమైతే తల లోపల పెట్టుకుని ముద్దలెక్క చుట్టుకుంటది. అంతే. కరవది, బుసకొట్టది."

భయమైతే తల లోపల పెట్టుకుంటుంది. రాగిణి తిరిగి క్లోజెట్ దగ్గరికి వెళ్ళి నిలబడి చూసింది. వెన్నెముక గీతలా పైకి తేలి ఉంది. ఒంటిమీద పాత కుబుసం ముక్కలు ముక్కలుగా అతుక్కుని ఉంది. గదిలో హీటింగ్ కట్టేసి ఉంది. ఎదురు తిరగడం చేతకాక లోపలికి ముడుచుకునే ప్రాణిని చూస్తే ఆమెకి భయం వెయ్యలేదు. తెలిసిన మనిషిని చూసినట్టు అనిపించింది. తాళాలు అప్పగించి, గాజుపెట్టెని కారు వెనక సీట్లో పెట్టి, బెల్టు కట్టి, కాపెల్‌లో తమ ఇంటిదాకా అరవై దాటకుండా నడుపుకుంటూ వచ్చింది.

*

"మతి గానీ పోయిందా నీకు?" అన్నాడు రవికుమార్ గరాజ్ గుమ్మంలోనే. "ఇల్లనుకున్నావా, జూ అనుకున్నావా? తాళాలిచ్చి రమ్మంటే పాముని పట్టుకొస్తావా?"

ఆ మాటకి లోపల్నించి అత్తగారు వచ్చారు. చూశారు. చెయ్యి తుడుచుకుంటున్న కొంగు అలాగే పట్టుకుని రెండు చేతులూ జోడించారు. "చవితి పది రోజుల్లో ఉందనగా తనంతట తాను ఇంటికొచ్చిన సుబ్బారాయుణ్ణి గెంటేస్తావట్రా?"

"తనంతట తాను రాలేదమ్మా. మీ కోడలు టొయోటాలో తీసుకొచ్చింది."

"నానమ్మా, ఇట్స్ ఎ గర్ల్" అంది కృతి ఫోన్‌లోంచి తలెత్తకుండా. "జితేందర్ అంకుల్ ఇన్‌స్టాలో ఉంది."

"అయితే సుబ్బమ్మ" అన్నారు అత్తగారు, మనవరాలికి పేరు పెట్టినంత తేలిగ్గా.

తల్లి ముందు రవికుమార్ మాట ఎప్పుడూ నెగ్గదు. దాని బదులు అతను షరతులు పెడతాడు. రెండు వారాలు చూద్దాం అన్నాడు. తన కంట పడకూడదు. దాని పని తన నెత్తిన పడకూడదు. ఏమాత్రం తేడా వచ్చినా ఫోర్ట్‌వర్త్‌లో పాముల్ని తీసుకునే రెస్క్యూ వాళ్ళున్నారు, మర్యాదగా వాళ్ళకి ఇచ్చేద్దాం. "నీకే ఊపిరాడట్లేదంటావు, దీన్నెక్కడ చూస్తావు?" అని కూడా అన్నాడు. ఆ మాటలో కొంచెం జాలి ఉంది, అందుకే రాగిణికి ఇంకా మండింది. ఆమెకి సుబ్బమ్మ కావాలి. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఈ ఇంట్లో అందరికీ ఏమేం కావాలో లిస్టు రాసి ఫ్రిజ్ మీద అంటించే మనిషికి తనకంటూ ఒకటి కావాలనిపించి చాలా ఏళ్ళయింది.

పెట్టెని లాండ్రీ రూములో పెట్టింది. గరాజ్ తలుపు పక్కన ఉండే ఇరుకు గది అది. ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ ఆ గదికే చేరతాయి.

*

సుబ్బమ్మ గురించిన చదువంతా రాగిణి వంటింటి టేబుల్ దగ్గరే చదివింది. ఆమె ఆఫీసు కూడా అదే. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం, నాలుగేళ్ళుగా ఇంటినుంచే. మీటింగుల్లో కుక్కర్ రెండు విజిళ్ళ మధ్య అన్‌మ్యూట్ చేసి, చెప్పాల్సింది చెప్పి, మూడో విజిల్ లోపల మ్యూట్ చెయ్యడంలో ఆమెని మించినవాళ్ళు టెక్సస్‌లో ఉండరు. ఏడేళ్ళ కిందట ఈ ఇల్లు చూపించిన రియల్టర్ రాజ్ అని ఒకతను గదులన్నీ తిప్పి చూపించాడు. గుమ్మం పక్క స్టడీ రూము అన్నకి, పై గది పాపకి, కింద గది పేరెంట్స్ వస్తే వాళ్ళకి, పైన హాలు సినిమాలకి. ఆఖర్న వంటింట్లో గ్రానైట్ గట్టు మీద చరిచి, "ఇదంతా అక్కదే" అన్నాడు. ఆ రోజు రాగిణి కూడా మురిసిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే కోపం.

రవికుమార్ వారంలో మూడు రోజులు ప్లేనో ఆఫీసుకి వెళతాడు. ఆ మూడు రోజులూ స్టడీ రూములో రెండు మానిటర్లు, ఒక మెత్తటి కుర్చీ ఖాళీగా కూర్చుంటాయి. ఒకసారి అడిగింది. "కేబుల్స్ కదిలితే మళ్ళీ నాకు గంట పని" అన్నాడు. "అయినా నీకు కిచెనే కన్వీనియంట్ కదా. పొయ్యి మీద ఒక కన్నేసి ఉంచొచ్చు." తన కళ్ళు రెండేనని, ఒకటి పొయ్యికి, ఒకటి స్క్రీన్‌కి ఇచ్చేస్తే తనకేమీ మిగలదని అప్పుడామెకి తట్టలేదు. సరే అంది.

పాముకేం కావాలో చెప్పేవాళ్ళు ఇంటర్నెట్ నిండా ఉన్నారు. నాలుగడుగుల పెట్టె కావాలి. ఒక చివర తొంభై డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం, రెండో చివర ఎనభైకి లోపు చల్లదనం ఉండాలి. వేడి పరికరానికి థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే ఒళ్ళు కాలుతుంది. అడుగున కొబ్బరి పీచు పరిచి, గాలిలో తేమ చూసుకోవాలి. చుట్ట చుట్టుకుని కూర్చునేంత వెడల్పు నీళ్ళ గిన్నె కావాలి. కొబ్బరి పీచు బస్తా వచ్చినప్పుడు అత్తగారు దాన్ని చేత్తో నలిపి వాసన చూసి, "మన పీచునే ఎండబెట్టి వీళ్ళకి అమ్ముతున్నారా" అని ఆశ్చర్యపోయి, గడ్డలన్నీ తనే కూర్చుని విడదీశారు.

రెండు విషయాల దగ్గర మాత్రం రాగిణి ఆగిపోయింది. మొదటిది, దాక్కునే గూళ్ళు రెండు ఉండాలట. ఒకటి వెచ్చటి చివర, ఒకటి చల్లటి చివర. ఒక్కటే పెడితే పాము తనకి చలేసినా, ఉడికిపోతున్నా ఆ గూట్లోనే ఉండిపోతుందట. ఎందుకంటే దానికి ఒళ్ళు సుఖం కంటే దాపు ముఖ్యం. కాబట్టి దాపు కావాలా, సుఖం కావాలా అని తేల్చుకునే అవసరం దానికి రానివ్వకూడదు. రెండోది, తెచ్చిన కొత్తలో వారం పది రోజులు అసలు ముట్టుకోకూడదట. ఎత్తకూడదు, ముద్దు చెయ్యకూడదు, ఎవరికీ చూపించకూడదు. ఈ చోటు నాదే అని దానికి తెలిసేదాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి.

ఆమె పంతొమ్మిదేళ్ళ కిందట పెళ్ళయి అమెరికా వచ్చి పిస్కాటవేలో దిగిన రెండో రోజున రవికుమార్ స్నేహితులు పన్నెండుమంది భోజనానికి వచ్చారు. ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆమెకి తెలియదు. "పర్లేదు, అలవాటైపోతుంది" అన్నాడు రవికుమార్, ప్రేమగానే. అలవాటైపోయింది కూడా. ఆ రోజు ఎవరైనా ఇలాంటిదొక కాగితం అతని చేతిలో పెట్టి ఉంటే ఎలా ఉండేదా అనుకుని ఆమె ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వు కెమెరాలో కనిపించి మేనేజర్ ఏమిటని అడిగితే ఏమీ లేదంది.

తిండి సంగతి వచ్చేసరికి ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. గరాజ్ ఫ్రీజర్‌లో కొబ్బరి తురుము, మునక్కాడ ముక్కల పక్కన మూత గట్టిగా ఉన్న డబ్బాలో చచ్చిన ఎలుకలు చేరాయి. అత్తగారు వద్దనలేదు, వారాలు మాత్రం చెప్పారు. సోమవారం శివుడిది. మంగళవారం అసలు సుబ్బారాయుడిదే. గురువారం బాబాది, శుక్రవారం అమ్మవారిది, శనివారం వెంకన్నది. "పాపం దానికి బుధవారమో ఆదివారమో పెట్టు."

"పదిహేను రోజులకోసారి తింటే చాలట అత్తయ్యా."

"అయితే మనందరికంటే నిష్ఠగానే ఉంది" అన్నారు ఆవిడ.

తొమ్మిదో రోజు, ఆదివారం మధ్యాహ్నం, గోరువెచ్చటి నీళ్ళలో కరిగించిన చిన్న ఎలుకని రాగిణి పొడుగాటి పట్టుకారుతో పెట్టెలోకి చాపింది. పది నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత వెచ్చటి గూట్లోంచి తల బయటికి వచ్చి, నాలుక రెండుసార్లు ఆడి, ఒక్క ఉదుటున పట్టుకుంది. తలుపు సందులోంచి చూస్తున్న అత్తగారు, "తిందే తల్లి" అన్నారు. రాగిణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె పెట్టిన తిండికి అంత స్పష్టమైన జవాబు ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

*

నాగుల చవితి మంగళవారం వచ్చింది. పాలు పొయ్యకూడదని రాగిణి ముందే చెప్పింది. పాముకి పాలు అరగవు, ఒంటికి పడవు.

"మరి నేను అరవై ఏళ్ళుగా పోసినవన్నీ?"

"పుట్టలోకి ఇంకిపోయుంటాయి అత్తయ్యా."

ఆవిడ కాసేపు బాధపడి, సరేనని, పెట్టె ముందు వెండి గిన్నెలో పెడితే తప్పులేదు కదా అని ఒప్పందానికి వచ్చారు. రాగిణి హమ్మయ్య అనుకుని పది గంటల కాల్‌లోకి వెళ్ళిపోయింది. పాల మీదే ఉంది ఆమె ధ్యాసంతా. సాంబ్రాణి సంగతి ఆమెకి తట్టనే లేదు.

అమెరికాలో సాంబ్రాణి వేసుకునే తెలుగువాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. పొగ హాల్లోకి పోతే పైకప్పుకున్న అలారం ఇల్లెగిరిపోయేలా మోగుతుంది. కాబట్టి గది తలుపు వేసుకుని వెయ్యాలి. ఆ కిటుకు అత్తగారికి నేర్పింది రాగిణే. ఆవిడ లాండ్రీ రూము తలుపు బిగించి, బొగ్గు రాజేసి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, పావుగంట సేపు కళ్ళు మూసుకుని తనకి వచ్చిన స్తోత్రాలన్నీ చదివారు. ఆ రాత్రి నుంచే ఉత్తరపు గాలి మొదలై, గరాజ్ తలుపు కిందనుంచి చలి కొట్టసాగింది.

శుక్రవారం ఉదయం బట్టలు వెయ్యడానికి వెళ్ళిన రాగిణికి సన్నని చప్పుడు వినిపించింది. కుక్కర్ మొదటి విజిల్ వెయ్యబోయే ముందు చేసే చప్పుడులాంటిది. వాషర్ అనుకుంది. వాషర్ ఆపింది. చప్పుడు ఆగలేదు. సుబ్బమ్మ తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి ఊపిరి లాగుతోంది. ముక్కు దగ్గర చిన్న బుడగ.

మధ్యాహ్నానికి పాముల్ని చూసే డాక్టర్ దొరికింది. పొడుగ్గా, నిదానంగా మాట్లాడే ఆవిడ. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అని చెప్పింది. చలీ పొగా కలిసి తెచ్చిపెట్టాయి. రెండు రోజులకోసారి ఇంజెక్షన్, మూడు వారాలు. ఎలా ఇవ్వాలో చూపించింది. "మందు సగమే" అంది ఆవిడ. "దీన్ని పెట్టిన చోటు మారాలి. తలుపు మూసుకునే గది కావాలి. వంట ఆవిరి, పొగ రాకూడదు. ఒకే వేడిలో ఉండాలి. పగలంతా ఎవరో ఒకరు దగ్గరుండి ఊపిరి చప్పుడు వింటుండాలి. మీ ఇంట్లో అలాంటి గది ఉందా? లేకపోతే చెప్పండి, ఉన్నవాళ్ళకి ఇచ్చేద్దాం. దాని మేలు కోరి చెబుతున్నాను."

ఇంటికొచ్చేసరికి అత్తగారు అన్నం తినకుండా కూర్చున్నారు. "నా చేతులతో నేనే చంపుకున్నానా?" అన్నారు.

"తలుపు వేసుకోమని చెప్పింది నేనే కదా అత్తయ్యా" అని రాగిణి ఆవిడ పక్కన కూర్చుని కంచంలో పెరుగన్నం కలిపింది. ఇద్దరూ ఒక కంచంలోంచే తిన్నారు.

రవికుమార్ రిపోర్టు చదివి కాగితం టేబుల్ మీద పెట్టాడు. "చెప్పానా? రేపటితో రెండు వారాలు. పొద్దున నాకు మ్యాచ్ ఉంది, పన్నెండుకల్లా వచ్చేస్తా. వచ్చాక ఫోర్ట్‌వర్త్ వెళ్ళి ఇచ్చేద్దాం. దానికీ మంచిది, నీకూ మంచిది."

"గది ఉంటే చాలన్నారు."

"ఐదు బెడ్‌రూమ్‌ల ఇల్లు. అలాంటి గది ఏదో నువ్వే చెప్పు."

ఆమె మనసులోనే ఇల్లంతా తిరిగింది. అత్తగారి గదిలో మూడు పూటలా అగరొత్తులు. కృతి గదిలో పగలు ఎవరూ ఉండరు, సాయంత్రమైతే గోడలు అదిరే పాటలు. తమ పడకగదిలో రవికుమార్‌కి చలికాలంలో కూడా ఫ్యాన్ తిరగాలి. సినిమాల హాలుకి తలుపే లేదు. మిగిలిన రెండింటినిండా అట్టపెట్టెలు, పరుపులు, వాడని ట్రెడ్‌మిల్. "స్టడీ రూము" అంది.

రవికుమార్ నవ్వాడు. నిజంగానే జోకనుకున్నాడు. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. అది జోకు కాకపోవడానికి వీలుందన్న ఊహ అతనికి రాలేదు, అంతే.

*

శనివారం ఎనిమిదింటికి అతను క్రికెట్ కిట్ భుజాన వేసుకుని వెళ్ళాడు. ఎనిమిదీ ఐదుకి రాగిణి స్టడీ రూములో కేబుళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఏ వైరు ఎక్కడిదో టేపు ముక్కల మీద రాసి అంటించింది. మొత్తం ఇరవై నిమిషాల పని. గంట కాదు. తర్వాత పెట్టెని తెచ్చి, కిటికీ లేని గోడకి ఆనించి, వేడి సరిచూసింది. ఆఖర్న లాండ్రీ రూములో బట్టలు మడతపెట్టుకునే చిన్న బల్ల తెద్దామని ఒక చివర ఎత్తింది. రెండో చివర తనంతట తనే లేచింది. అత్తగారు.

"మీకు నడుం పడుతుంది, వదిలెయ్యండి."

"పట్టనీ" అన్నారు ఆవిడ. ఇద్దరూ ఆగి ఆగి మోసుకొచ్చి పెట్టెకి రెండడుగుల దూరంలో దించారు. అత్తగారు నేల మీదే కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ గది నాలుగు మూలలూ చూశారు.

"మీ మామయ్యగారికి రైల్వే క్వార్టర్సు. రెండు గదులు. ముందు గది ఆయన స్నేహితులకి, లోపలి గది పిల్లల చదువులకి. నాకు నెలకి మూడు రోజులు, వెనక వరండాలో సామాన్ల కొట్టు. చాపా, చెంబూ, కంచం. నేను దేన్నీ ముట్టుకోకూడదు, నన్నెవరూ ముట్టుకోకూడదు. అందరూ పాపం అనేవారు. నేనూ అలాగే మొహం పెట్టేదాన్ని." ఆవిడ గొంతు తగ్గించారు, ఇంట్లో ఇంకెవరో వింటున్నట్టు. "కానీ అమ్మాయ్, వారపత్రికల్లో సీరియళ్ళన్నీ ఆ మూడు రోజుల్లోనే చదివాను. ఎవరూ పిలిచేవారు కాదు. ఏది ఎక్కడుందని ఎవరూ అడిగేవారు కాదు. నలభై తొమ్మిదో ఏట అవి ఆగిపోయాయి. పీడా పోయిందన్నారు అంతా. ఆ కొట్టులో నీ మొగుడి సైకిలు పెట్టారు."

రాగిణికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మనిషిని ముట్టుకోరానిదాన్ని చేసి మూల కూర్చోబెడితే తప్ప ఈవిడకి ఒక తలుపు దొరకలేదు. ఆ దొరికినదాన్ని కూడా దొంగసొత్తులా దాచుకుని సంతోషపడింది. పంతొమ్మిదేళ్ళలో అత్తగారి మీద పెట్టుకున్న చిన్నాచితకా కోపాలన్నీ ఎటు పోయాయో తెలియలేదు.

"ఆ కొట్టుకి గడియ లోపలుండేదా అత్తయ్యా, బయటా?"

"రెండు వైపులా ఉండేది" అన్నారు ఆవిడ. "నేను లోపలిది వేసుకునేదాన్ని."

పన్నెండున్నరకి రవికుమార్ వచ్చాడు. చెమటతో, బూట్లతో, స్టడీ రూము గుమ్మంలో నిలబడిపోయాడు. మానిటర్లు వంటింటి టేబుల్ మీద ఉన్నాయి. అతని బల్ల గోడవారకి జరిగింది. రాగిణి లాప్‌టాప్ చిన్న బల్ల మీద ఉంది.

"ఏంటిది?"

"గది అడిగారుగా, చెప్పాను. నవ్వారు."

"రాగిణీ, మరి నేనెక్కడ పని చేసుకోవాలి?"

"కిచెన్‌లో" అందామె. "నేను నాలుగేళ్ళు చేశాను. కన్వీనియంట్‌గానే ఉంటుంది."

అతను తల్లి వైపు చూశాడు.

"ముందు స్నానం చేసి రారా" అన్నారు ఆవిడ. "ఈ చెమట కంపు దానికి పడదు."

ఆ సాయంత్రమంతా అతను ఫోర్ట్‌వర్త్ మాట ఎత్తలేదు. మర్నాడు ఇంజెక్షన్ టైమ్‌కి కృతి డాన్స్ ప్రాక్టీస్‌లో ఉంది, అత్తగారికి సూదంటే భయం. రాగిణి గుమ్మంలోకి వచ్చి, "పట్టుకునేవాళ్ళు కావాలి" అంది. రవికుమార్ మెల్లగా వచ్చాడు. ఎలా పట్టుకోవాలో ఆమె చూపించింది. తన చెయ్యి అతని మోచేతి కింద ఆనించింది. సుబ్బమ్మ అతని మణికట్టు చుట్టూ ఒక చుట్ట వేసుకుని తల దాచుకుంది.

"మెత్తగా ఉందే" అన్నాడు కాసేపటికి. అతని మొహం రాగిణికి పిస్కాటవే నాటి కుర్రాడి మొహంలా కనిపించింది. ఆమెకి అతని మీద ప్రేమ పుట్టింది, కానీ ఆ ప్రేమతో గదిని కలపలేదు.

"మూడు వారాలేగా?" అన్నాడు అతను.

రాగిణి సూదికి మూత పెట్టింది. "మందు మూడు వారాలు. సుబ్బమ్మ ముప్ఫై ఏళ్ళు బతుకుతుందట."

*

సోమవారం రవికుమార్‌కి ఇంటినుంచే పని. రాగిణి పొద్దున్నే టిఫిన్ తిని, కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి తలుపు వేసుకుంది. తొమ్మిదిన్నర మీటింగ్‌లో ఒక్కసారి కూడా మ్యూట్ నొక్కలేదు. తను మాట్లాడిన వాక్యం మొదటినుంచి చివరిదాకా తనకే వినిపించింది. మీటింగ్ అయ్యాక కుర్చీ జరుపుకుని, పెట్టె మూత దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకుని వింది. చప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. సుబ్బమ్మ రాత్రంతా వెచ్చటి గూట్లో ఉన్నట్టుంది, ఇప్పుడు మెల్లగా రెండోదాంట్లోకి పాకుతోంది.

బయట అత్తగారు పెట్టిన కుక్కర్ కూసింది. రెండు, మూడు. మూడో విజిల్‌కి కట్టెయ్యాల్సిన పప్పు అది. నాలుగు. ఆమె కాళ్ళు అలవాటుకొద్దీ నేల మీద ఆనుకున్నాయి. అక్కడే ఉంచింది. ఐదు. అత్తగారు కట్టేస్తారనుకుంది, ఆవిడ గదిలోంచి అలికిడే లేదు. ఆరు. రవికుమార్ ఎవరికో ఇంగ్లీషులో క్షమించమని చెప్పడం, కుర్చీ వెనక్కి జరగడం, ఏదో మూత కింద పడి దొర్లడం వినిపించాయి. తర్వాత కుక్కర్ ఆగింది.

అడుగుల చప్పుడు హాలు దాటి వచ్చి తలుపు అవతల ఆగింది. లోపలికి రాలేదు. వేళ్ళతో మెల్లగా, రెండుసార్లు, తలుపు తట్టిన చప్పుడయింది. ఏడేళ్ళలో ఆమె కోసం ఆ ఇంట్లో ఎవరూ తలుపు తట్టలేదు. ఆమె ఎప్పుడూ తలుపు లేని చోటే ఉండేది.

రాగిణి కుర్చీలోంచి లేవకుండానే, "ఎవరు?" అంది.